పల్లె గ్రంథాలయంలో సభ జరిగిన మరునాడు

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని శాఖా గ్రంథాలయాలలో జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ ఏడు రోజులూ గుమ్మాలకు మామిడి తోరణాలు కడతారు, వాకిట్లో షామియానా వేస్తారు, పాఠశాలల నుంచి పిల్లలు వరుసగా వస్తారు, మరునాటి పత్రికల జిల్లా పేజీలో ఫోటో పడుతుంది. ఇరవై ఒకటో తేదీ ఉదయం అదే గ్రంథాలయానికి ఎవరు వచ్చారు, ఏ పుస్తకం అడిగారు అన్నది మాత్రం ఎక్కడా నమోదు కాదు. మా మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలో జరిగే కార్యక్రమాలకు నేను కొన్నేళ్ళుగా చేతనైన సాయం చేస్తున్నాను. అక్కడ చూసిన దాన్నిబట్టి నాకు ఏర్పడిన అభిప్రాయం ఒక్కటే: పల్లె గ్రంథాలయానికి సభలు, శిబిరాలు, పోటీలు ఎంతో అవసరం, అయితే వాటి విలువను సభ నాటి హాజరుతో కాక మరునాటి పాఠకులతో లెక్కగట్టాలి.

ఈ కార్యక్రమాలు గ్రంథాలయానికి అదనపు అలంకారాలని, అసలు పని పుస్తకాలు ఇవ్వడమేనని అనేవారు చాలామంది ఉన్నారు. తెలుగునాట గ్రంథాలయాల చరిత్ర ఈ మాటను బలపరచదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలోని రామమోహన గ్రంథాలయంలో వివిధ ప్రాంతాల గ్రంథాలయ ప్రతినిధులు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నప్పుడు, గ్రంథాలయమంటే నాలుగు బీరువాలున్న గది మాత్రమే అన్న ఊహ వారిలో ఎవరికీ లేదు. అయ్యంకి వెంకటరమణయ్య గారు, ఆయన తోటి కార్యకర్తలు గ్రంథాలయ యాత్రల పేరిట ఊరూరా తిరిగారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు వయోజన విద్యను గ్రంథాలయ కృషిలో విడదీయరాని భాగంగా భావించి పనిచేశారు. ఊళ్ళో చదువుకున్న ఒకరు అరుగు మీద కూర్చుని పత్రిక పైకి చదువుతూ ఉంటే చుట్టూ చేరి వినేవారందరూ ఆ గ్రంథాలయ పాఠకులే అన్నది ఆనాటి దృష్టి. చదవడం వచ్చినవాళ్ళు కొద్దిమందే ఉన్న ఊళ్ళలో పుస్తకాన్ని బీరువాలో పెట్టి ఎదురుచూడడం వల్ల ప్రయోజనం లేదని వారికి తెలుసు. అందువల్లనే రాత్రి బడి, పురాణ కాలక్షేపం, హరికథ, ఉపన్యాసం, పత్రికా పఠనం ఇవన్నీ ఒకే చూరు కింద జరిగాయి.

ఆ దృష్టికి నాకు ఎప్పుడూ గుర్తుకువచ్చే ఉదాహరణ పాతూరి నాగభూషణం గారు 1935లో కృష్ణా డెల్టా కాలువ మీద మొదలుపెట్టిన పడవ గ్రంథాలయం. ఆ రోజుల్లో డెల్టా ఊళ్ళకు కాలువే రహదారి. ధాన్యమూ మనుషులూ ఏ దారిన వెళ్తున్నారో పుస్తకాలనూ అదే దారిన పంపించడం ఆయన ఆలోచన. దీనికి కొంచెం ముందు, 1931లో, తమిళనాట మన్నార్‌గుడి ప్రాంతంలో ఎడ్లబండి మీద పుస్తకాలు పెట్టుకుని పల్లెలకు వెళ్ళిన గ్రంథాలయం కూడా ఇలాంటిదే. ఈ రెండింటిలోనూ పాఠకుడి కోసం గ్రంథాలయమే బయలుదేరింది. నేడు మన మండలాలలో ఆటోలు, బైకులు, తారురోడ్లు అన్నీ ఉన్నాయి. గ్రంథాలయం మాత్రం ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తలుపు తీసి లోపలే కూర్చుంటున్నది.

నిజాం పాలనలోని తెలంగాణలో గ్రంథాలయ సభకు మరింత పదును ఉండేది. హైదరాబాదులో 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, హనుమకొండలో 1904లో వెలసిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం తెలుగు పుస్తకానికి చోటు కల్పించాయి. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు బహిరంగ సభలకు ముందుగా అనుమతి పొందడాన్ని తప్పనిసరి చేసిన కాలంలో, తెలుగువారు ఒకచోట చేరి తమ భాషలో తమ సంగతులు మాట్లాడుకోవడానికి గ్రంథాలయం ఒక ఆధారమైంది. వార్షికోత్సవం జరుపుకోవడమే సాహసంగా ఉన్న రోజులవి. గ్రంథాలయంలో జరిగే సభను తేలికగా తీసుకోకూడదని నేను అనుకోవడానికి ఈ చరిత్ర ఒక కారణం.

మరొక కారణం మన అక్షరాస్యత. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత దాదాపు 67 శాతం, స్త్రీలలో దాదాపు 59 శాతం. ఈ లెక్కలో అక్షరాస్యులుగా నమోదైన వారిలోనూ ఒక పుస్తకాన్ని తడబాటు లేకుండా చదవగలిగేవారు ఎందరో మా ఊరి పెద్దలను చూస్తే ఊహించుకోవచ్చు. సంతకం చేయగలరు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోగలరు, అయితే కథ చదివి ఆనందించే స్థాయికి చేరలేదు. వారికి గ్రంథాలయం అందించగలిగినది మొదట వినికిడి ద్వారానే. పైకి చదివి వినిపించడం చిన్న పని అనుకునేవారు 1990ల తొలి సంవత్సరాలలో నెల్లూరు జిల్లాలో జరిగినదాన్ని గుర్తు చేసుకోవాలి. అక్కడి అక్షరాస్యతా కేంద్రాలలో, తాగుడు వల్ల చితికిపోయిన ఒక కుటుంబం కథను పాఠంగా చదివి, దాని గురించి మాట్లాడుకున్న దూబగుంట స్త్రీలు తమ ఊళ్ళో సారా దుకాణాన్ని ఆపించారు. వారు చేసిన పని తరువాత మరో వాచకంలో పాఠమై ఇతర గ్రామాల స్త్రీల చేతికి వెళ్ళింది. ఆ ఉద్యమం పెరిగి 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది. అది గ్రంథాలయ కార్యక్రమం కాదు, నిజమే. అయినా కొందరు మనుషులు ఒకచోట కూర్చుని తమ బతుకులకు దగ్గరైన ఒక పేజీని చదివి, దాని గురించి మాట్లాడుకుంటే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం నాకు కనబడలేదు.

ఇక వారోత్సవాల సంగతి. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత స్థాయిలో పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. దానికి పూనుకున్నవారిలో అయ్యంకి వారు ముఖ్యులు. 1968 నుంచి అదే తేదీన మొదలయ్యేలా వారోత్సవాలు జరుపుతున్నారు. మొదటి రోజు బాలల దినోత్సవం కూడా కావడం వల్ల పిల్లలతో ప్రారంభమవుతుంది. తరువాతి రోజులలో పుస్తక ప్రదర్శన, గ్రంథాలయోద్యమ నాయకుల సంస్మరణ, కవి సమ్మేళనం, వ్యాసరచన, వక్తృత్వం, చిత్రలేఖనం పోటీలు, మహిళలకు ముగ్గుల పోటీ, చివరి రోజు బహుమతి ప్రదానం ఉంటాయి. చిత్రపటాలకు పూలమాలలు వేయడం, అతిథులకు శాలువాలు కప్పడం కూడా ఉండవలసినవే, పెద్దలను గౌరవించడం మన పద్ధతి. అయితే వేదిక మీద ఎక్కువమంది కూర్చుని, ఒక్కొక్కరూ గ్రంథాలయాల గొప్పతనాన్ని గురించే మాట్లాడుతూ ఉంటే, ఎండలో కూర్చున్న పిల్లవాడికి ఒక్క పుస్తకం పేరైనా తెలియకుండానే సభ ముగుస్తున్నది. వక్త ఎవరైనా సరే, ఈ గ్రంథాలయం బీరువాలో ఉన్న ఒక పుస్తకాన్ని చేత్తో పట్టుకుని వచ్చి, అందులో తనకు నచ్చిన పేజీ ఒకటి చదివి వినిపించి, ఆ పుస్తకాన్ని బల్ల మీద పెట్టి దిగాలన్న నియమాన్ని మా దగ్గర ఒకసారి పాటించి చూశాం. ఉపన్యాసాలు వాటంతట అవే పొట్టివయ్యాయి. బల్ల మీద మిగిలిన పుస్తకాల కోసం తరువాతి వారం అడిగినవారు ఉన్నారు.

ముగ్గుల పోటీని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గ్రంథాలయానికీ ముగ్గుకూ సంబంధమేమిటని చదువుకున్నవారే అడుగుతూ ఉంటారు. ఊళ్ళో శాఖా గ్రంథాలయం గడప ఎన్నడూ తొక్కని స్త్రీలు ఏడాదిలో ఆ ఒక్క సాయంత్రం ఆ వాకిట్లో గంటకు పైగా ఉంటారు. ఉదయం గ్రంథాలయం తెరిచే వేళకు వారు వంటలోనో పొలం పనిలోనో ఉంటారు, సాయంత్రం తెరిచే వేళకు మళ్ళీ వంట మొదలవుతుంది, మధ్యాహ్నం కాస్త తీరిక దొరికేసరికి తలుపు మూసి ఉంటుంది. లోపల బల్ల చుట్టూ మగవాళ్ళు పత్రికలు చదువుతూ కూర్చుని ఉంటారు కాబట్టి వెళ్ళాలనుకున్నవారు కూడా వెనకాడతారు. అందువల్ల ముగ్గుల పోటీని నేను వారోత్సవాలలో అత్యంత ముఖ్యమైన కార్యక్రమంగా చూస్తాను. మా దగ్గర పోటీకి పేరు ఇచ్చినప్పుడే సభ్యత్వ దరఖాస్తు కూడా వారి చేతికి ఇవ్వడం, ఫలితాల కోసం వేచి ఉండే సమయంలో వారిని లోపలికి పిలిచి నవలలు, వంటల పుస్తకాలు, పిల్లల కథలు ఉన్న బీరువాలు చూపించడం మొదలుపెట్టాం. ఆ తరువాత ఒక గృహిణి చెప్పిన సలహా మీద డ్వాక్రా సంఘం సమావేశానికి సంచిలో పుస్తకాలు తీసుకువెళ్ళడం కూడా జరిగింది. సమావేశం ముగిసే ముందు పది నిమిషాలు ఒక కథ చదివితే చాలు. చదవడం రానివారు కూడా ఆ తరువాత ఏమైందని అడుగుతారు, ఇంట్లో చదువుకునే కూతురో మనవరాలో ఉంటే వారి పేరు మీద పుస్తకం తీసుకుంటారు. పాతూరి వారి పడవ చేసిన పని ఈనాడు ఈ సంచి చేయగలదు.

వేసవి శిబిరాల విషయంలో నాకు మరింత ఆశ ఉంది. వేసవి సెలవులలో శాఖా గ్రంథాలయాలు పిల్లల కోసం ఉదయం పూట నిర్వహించే విజ్ఞాన శిబిరాలలో కథా పఠనం, చిత్రలేఖనం, కాగితపు బొమ్మలు, చదరంగం, క్యారమ్స్, స్పోకెన్ ఇంగ్లీష్, కొన్నిచోట్ల నాటికలు కూడా నేర్పుతారు. తల్లిదండ్రులు పిల్లలను పంపేది ఎక్కువగా స్పోకెన్ ఇంగ్లీష్ కోసం. అందులో తప్పేమీ లేదు, వచ్చిన కారణం ఏదైనా పిల్లలు రావడమే ముఖ్యం. అయితే శిబిరం అంటే కేవలం ఎండ వేళ పిల్లలను కూర్చోబెట్టే చోటుగా మారకుండా ఉండాలంటే రోజూ ఒక కథ ఉండాలి, ఆ కథ పుస్తకంలో నుంచి చదవాలి. నోటితో చెప్పే కథ గొప్పదే, మన నాయనమ్మలు అలాగే పెంచారు. కానీ గ్రంథాలయంలో కథ చెప్పేవారి చేతిలో పుస్తకం కనబడాలి, బొమ్మలు తిప్పి చూపించాలి, అది అక్కడే దొరుకుతుందని పిల్లలకు తెలియాలి. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు ఆపి మిగతాది రేపు అంటే, అప్పటిదాకా చదరంగం బల్ల వదలని పిల్లవాడు కూడా ఆ రాత్రికి పుస్తకం ఇంటికి ఇమ్మని అడగడం చూశాను.

అడిగినప్పుడు పుస్తకం ఇవ్వగలగాలి కదా. పల్లె గ్రంథాలయాలలో చాలావాటికి ఇక్కడే చిక్కు వస్తుంది. పిల్లల పుస్తకాలు అద్దాల బీరువాలో తాళం వేసి ఉంటాయి. సభ్యత్వానికి కొంత డిపాజిట్టు కట్టాలి, కూలికి వెళ్ళే ఇంట్లో ఆ చిన్న మొత్తానికి కూడా వచ్చే వారం అంటారు, వచ్చే వారానికి శిబిరం అయిపోతుంది. పుస్తకం పోతే లెక్క చెప్పవలసినది తానే కాబట్టి గ్రంథాలయాధికారి భయపడతారు, ఆ భయాన్ని నేను తప్పుపట్టను. ఒకే మనిషి తాళం తీయడం నుంచి రిజిస్టరు రాయడం వరకు అన్నీ చూసుకునే శాఖలు ఎన్నో ఉన్నాయి, కొన్నిచోట్ల ఒకే అధికారి రెండు మూడు శాఖల బాధ్యత చూస్తున్నారు. అందుకే శిబిరం మొదలయ్యే ముందే ఊళ్ళోని దాతలతో పిల్లల డిపాజిట్టు కట్టించడం మంచి మార్గం. జ్ఞాపికలకు, ఫ్లెక్సీలకు ఇచ్చే డబ్బును సభ్యత్వాలకు ఇవ్వమని అడిగితే కాదన్నవారు తక్కువ. డిపాజిట్టు తిరిగి వచ్చే సొమ్మే కాబట్టి దాతకూ ఇబ్బంది ఉండదు. పుస్తకాలలో కొన్ని చిరుగుతాయి, ఒకటి రెండు తిరిగి రావు. అలా చిరిగినది చదివిన పుస్తకమే కదా, బీరువాలో కొత్తగా మిగిలిపోయినదానికంటే అది ఎక్కువ పని చేసింది. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు ఉండాలని 1931లో వెలువడిన తన గ్రంథంలో చెప్పిన గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారి జయంతిని ఆగస్టు 12న ఏటా జరుపుకుంటున్నాం. తాళం వేసిన బాలల బీరువా ముందు ఆయన పటానికి దండ వేయడం నాకు కష్టంగా ఉంటుంది.

గ్రంథాలయాలలో కార్యక్రమాలకు అడ్డంకిగా అందరూ చెప్పే మరొక విషయం పోటీ పరీక్షల అభ్యర్థులు. నోటిఫికేషన్ వచ్చిందంటే గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే యువకులు తెల్లవారుతూనే వచ్చి బల్లలు పట్టుకుంటారు. ఇంట్లో చదువుకునే గది లేనివారు, పట్నం వెళ్ళి కోచింగ్ ఫీజు కట్టలేనివారు వారిలో ఎక్కువ. వారికి నిశ్శబ్దం కావాలి, శిబిరానికి వచ్చిన పిల్లలకు గోల కావాలి. ఈ ఇద్దరిలో ఎవరికో ఒకరికి గ్రంథాలయం చెందుతుందన్నట్టు కొందరు మాట్లాడతారు. ఉన్నది ఒకటే గది అయినప్పుడు సమస్య నిజమైనదే. మా దగ్గర శిబిరాన్ని వరండాలోకి, ఎండ ముదిరాక పక్కనే ఉన్న పాఠశాల గదిలోకి మార్చి, గది మొత్తం అభ్యర్థులకు వదిలాం. తరువాత వారిలోనే ఇద్దరు ముగ్గురు తమంతట తాము వచ్చి పిల్లలకు లెక్కలు, జనరల్ నాలెడ్జి కాసేపు చెబుతామన్నారు. పరీక్షకు తయారవుతున్నవారికి చెప్పడం కూడా ఒక పునశ్చరణ అయింది. వారు ఉద్యోగాలు వచ్చి వెళ్ళిపోయినా ఊరికి వచ్చినప్పుడు గ్రంథాలయానికి వస్తారన్న నమ్మకం నాకుంది. అభ్యర్థిగా వచ్చినవారిని పాఠకుడిగా నిలబెట్టుకోవడం గ్రంథాలయం చేయవలసిన పని. పరీక్షల పుస్తకాల పక్కన ఒక మంచి ఆత్మకథనో, చరిత్ర పుస్తకమో కనబడేలా పెట్టడం ద్వారా ఆ పనిని నెమ్మదిగా చేయవచ్చు.

ఊరి పెద్దల జ్ఞాపకాలు నమోదు చేసే సాయంత్రాలు ఇంకా సరిగా మొదలుకాని కార్యక్రమం. ప్రకాశం జిల్లాలో భాగంగా చాలాకాలం ఉన్న వేటపాలెంలో 1918లో ఏర్పడిన సారస్వత నికేతనం పాత పత్రికలను భద్రపరచడం వల్లనే పరిశోధకులు ఇప్పటికీ వెతుక్కుంటూ వెళ్ళే చోటు అయింది. 1929లో గాంధీజీ శంకుస్థాపన చేసిన ఆ గ్రంథాలయానికి ఉన్న స్థాయి ప్రతి శాఖకూ రాదు. అయినా ఊరి చెరువు ఎప్పుడు తవ్వారు, తుపానులో ఏ పేట ఎంత మునిగింది, ఏ పాటలు పాడుతూ నాట్లు వేసేవారు అన్న సంగతులు చెప్పగలిగినవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వారు చెబుతుంటే హైస్కూలు పిల్లలు రాసుకుని, ఆ నోటుపుస్తకాన్ని గ్రంథాలయంలో ఉంచితే, దాన్ని చదవడానికి ఊరివారే వస్తారు. తమ ఇంటిపేరు ఉన్న పేజీ కోసం మొదటిసారి గ్రంథాలయానికి వచ్చే మనిషిని ఇంకే ఉపన్యాసమూ రప్పించలేదు.

వీటన్నిటికీ డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి. పంచాయతీలు, పురపాలక సంఘాలు ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేసి వాటికి జమ చేయాలి. పుస్తకాలు, పత్రికలు, అద్దె, వారోత్సవాలు, శిబిరాలు ప్రధానంగా ఆధారపడేది ఈ సొమ్ము మీదనే. వసూలైన పన్ను సకాలంలో జమ కావడం లేదని గ్రంథాలయ సంస్థలు ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాయి. ఇంటి పన్ను కట్టే ప్రతి ఒక్కరూ గ్రంథాలయానికి చందా కట్టినట్టే, పుస్తకం తీసుకున్నా తీసుకోకపోయినా. మీ పన్ను డిమాండు నోటీసులో గ్రంథాలయ పన్ను అన్న వరుసను ఒకసారి చూడండి, ఆ మొత్తం గత ఏడాది జిల్లా సంస్థకు చేరిందా అని గ్రామసభలో అడగండి. మా పంచాయతీలో రాబోయే గ్రామసభకు మేము సిద్ధం చేసుకున్న వినతిపత్రంలో ఈ ప్రశ్న మొదట ఉంది, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలసేపు గ్రంథాలయాన్ని స్త్రీల కోసం తెరవాలన్న అభ్యర్థన రెండవది.